అడ్రస్ బుక్ పోయిందా, కనపడట్లేదా? మెయిల్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ మీద అపోహలు - వాస్తవాలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కీ, ఆఫీస్ 2016, 2019లకీ మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పటి నుంచి అనంతపురంలో నాలా సిస్టమ్‌లు చూసుకునేవాళ్లకు ఒకటే రకం ఫోన్లు. తాడిపత్రి గ్రానైట్ యూనిట్ కావచ్చు, సుభాష్ రోడ్డులో ఆడిటర్ ఆఫీసు కావచ్చు, ధర్మవరం చీరల షాపు కావచ్చు, మాట మాత్రం ఇదే: "కొత్తది వేసినాక అడ్రస్‌లన్నీ పోయినాయప్పా, యాడికి పోయినాయో ఏమో!" చాలామటుకు ఎక్కడికీ పోవు. పాత ఫైల్ డిస్క్‌లోనే పడి ఉంటుంది, కొత్త సాఫ్ట్‌వేర్ వేరే చోట వెతుకుతోందంతే. నిజంగా పోయేది, ఆ టెన్షన్‌లో ఎవరో చెప్పారని దొరికిన బటనల్లా నొక్కినప్పుడు.

అపోహ: రెండక్షరాలు కొడితే కింద వచ్చే పేర్లే అడ్రస్ బుక్.

కాదు. "పోయింది" అని గోల పెట్టేవాళ్లలో ఎక్కువమందికి పోయింది ఇదే. చెన్నైలో షిప్పింగ్ ఏజెంట్‌కి ఏళ్ల తరబడి మెయిల్ పంపుతుంటారు, ఆయన పేరు ఎప్పుడూ కాంటాక్ట్స్‌లో పెట్టి ఉండరు, 'టు' దగ్గర మొదటి అక్షరం కొట్టగానే వస్తుంది కాబట్టి అడ్రస్ బుక్‌లో ఉన్నట్టే అనుకుంటారు. అది ఔట్‌లుక్ (ఆఫీస్‌తో వచ్చే మెయిల్ సాఫ్ట్‌వేర్) తనంతట తాను గుర్తుపెట్టుకునే ఆటో కంప్లీట్ లిస్ట్. ఔట్‌లుక్ 2007 దాకా ఈ లిస్ట్ ఎన్‌కే2 అనే విడి ఫైల్‌లో ఉండేది, 2010 నుంచి మెయిల్‌బాక్స్ లోపలికే మార్చారు. దానికి వెయ్యి పేర్ల హద్దు కూడా ఉంది. కొత్త సిస్టమ్‌లో కొత్త ప్రొఫైల్ (మీ అకౌంట్లు, సెట్టింగ్స్ అన్నీ కలిపి ఉండే మూట) తెరిస్తే అది ఖాళీగా మొదలవడం సహజం.

ఇలాంటప్పుడు తేలికైన దారి సెంట్ ఐటమ్స్. మీరు పంపిన ప్రతి మెయిల్‌లో అవతలివాళ్ల అడ్రస్ ఉంటుంది కదా, దాని మీద రైట్ క్లిక్ చేసి కాంటాక్ట్స్‌లో చేర్చుకోండి. ముఖ్యమైన పార్టీల వరకు ఒక పూట కూర్చుంటే అయిపోతుంది, పైగా ఈసారి అవి నిజంగానే అడ్రస్ బుక్‌లో ఉంటాయి. ఇంకో మాట, ఆప్షన్స్‌లో మెయిల్ సెట్టింగ్స్ కింద 'ఎంప్టీ ఆటో కంప్లీట్ లిస్ట్' అని ఒక బటన్ కనపడుతుంది. దాన్ని రిఫ్రెష్ అనుకుని నొక్కేవాళ్లు ఉన్నారు. అది నొక్కితే మిగిలిన నాలుగు పేర్లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి.

అపోహ: మెయిల్ రాసేటప్పుడు 'టు' బటన్ నొక్కితే ఖాళీగా ఉంది, కాబట్టి కాంటాక్ట్స్ పోయాయి.

ముందు ఎడమ పక్క కాంటాక్ట్స్ తెరిచి చూడండి. అక్కడ పేర్లు ఉండి 'టు'లో లేకపోతే ఇది ఒక్క టిక్కు పని. కాంటాక్ట్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఔట్‌లుక్ అడ్రస్ బుక్ అనే ట్యాబ్, అందులో ఈ ఫోల్డర్‌ను అడ్రస్ బుక్‌గా చూపించమనే గడిలో టిక్. ఆ గడి బూడిద రంగులో ఉండి టిక్ పడనివ్వకపోతే అడ్రస్ బుక్ సర్వీసే ఆ ప్రొఫైల్‌లో లేదని అర్థం. అకౌంట్ సెట్టింగ్స్‌లో అడ్రస్ బుక్స్ ట్యాబ్‌కి పోయి ఔట్‌లుక్ అడ్రస్ బుక్‌ను చేర్చి, ఔట్‌లుక్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. ఇంత చేసినా ఒకరిద్దరు కనపడకపోతే వాళ్ల కార్డు తెరిచి చూడండి, ఫోన్ నంబర్ ఒక్కటే ఉండి మెయిల్ అడ్రస్ లేనివాళ్లను ఔట్‌లుక్ ఆ జాబితాలో చూపించదు.

అపోహ: అకౌంట్ తీసేసి మళ్లీ పెడితే అన్నీ సర్వర్ నుంచి దిగుతాయి.

ఈ సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. మెయిల్స్ దిగుతాయి, ఒప్పుకుంటాను. ఐమ్యాప్ అనేది మెయిల్ తెచ్చే పద్ధతి, అడ్రస్‌లతో దానికి సంబంధం లేదు. అడ్రస్‌లు తెచ్చే పద్ధతులు వేరు, కార్డ్‌డావ్ అనో, ఎక్స్చేంజ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆఫీసు మెయిల్ సర్వర్) అనో. మామూలు ఔట్‌లుక్‌లో జీమెయిల్ పెట్టుకున్నా, సొంత డొమైన్ మెయిల్ పెట్టుకున్నా అది చాలామటుకు ఐమ్యాప్‌లోనే నడుస్తుంది. ఔట్‌లుక్ 2013 నుంచి అలాంటి అకౌంట్‌లో కాంటాక్ట్స్ ఫోల్డర్ పేరు పక్కన 'దిస్ కంప్యూటర్ ఓన్లీ' అని రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. అంటే ఈ పేర్లు ఈ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు అని ఔట్‌లుక్ ముందే చెప్తోంది. అవి ఉండేది ఆ అకౌంట్‌కి సంబంధించిన ఓఎస్టీ ఫైల్‌లో. అకౌంట్ తీసేస్తే ఆ ఫైల్ కూడా పోతుంది, తీసేముందు హెచ్చరిక వస్తుంది, మనవాళ్లు ఎస్ కొట్టేస్తారు.

నాకు తెలిసిన ఒక చీరల షాపులో ఇదే జరిగింది. బెంగళూరు, చెన్నై, సూరత్ పార్టీల అడ్రస్‌లన్నీ అందులోనే ఉండేవి. ఎవరో సర్వీస్ అబ్బాయి వచ్చి అకౌంట్ తీసి పెట్టాడు, మెయిల్స్ వచ్చేసరికి అందరికీ సంతోషం, సాయంత్రం చీరల ఫొటోలు పంపుదామని కూర్చుంటే ఒక్క పేరు లేదు. షాపు ఆయన నాకు ఫోన్ చేసి "అన్నా, పాత మెయిల్స్ వచ్చినాయి కదా, పేర్లు మాత్రం ఎందుకు రావు?" అని అడిగారు. చివరికి సెంట్ ఐటమ్స్ నుంచే ఏరుకోవాల్సి వచ్చింది. అకౌంట్ తీయక తప్పదంటే ముందు ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్‌లోకి పోయి ఆ కాంటాక్ట్స్ ఫోల్డర్‌ను పీఎస్టీ ఫైల్‌గా (ఔట్‌లుక్ తన డేటా దాచుకునే ఫైల్ రకం) పెన్ డ్రైవ్‌లో దాచుకోండి.

అపోహ: థండర్‌బర్డ్ అప్‌డేట్ అయ్యాక ఖాళీగా తెరుచుకుంది, అంటే అప్‌డేట్ అన్నీ తుడిచేసింది.

తుడవలేదు. థండర్‌బర్డ్ అంటే ఔట్‌లుక్ లాంటిదే ఇంకో ఉచిత మెయిల్ సాఫ్ట్‌వేర్. 2019 ప్రాంతం నుంచి దాన్ని వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేస్తే, ఉదాహరణకు 32 బిట్ నుంచి 64 బిట్‌కి మారితే, అది తనకంటూ కొత్త ప్రొఫైల్ తెరుచుకోవచ్చు. పాత ప్రొఫైల్ పక్కనే ఉంటుంది. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్స్ పేజీకి దారి ఉంటుంది, అక్కడ పాతదాన్ని డిఫాల్ట్‌గా పెట్టి మళ్లీ తెరవండి. ఏది పాతదో తెలియకపోతే ఫోల్డర్ సైజు చూడండి, ఏళ్ల మెయిల్స్ ఉన్నది జీబీల్లో ఉంటుంది, కొత్తది కొన్ని ఎంబీలు దాటదు. ఈ ప్రొఫైల్స్ ఉండే యాప్‌డేటా ఫోల్డర్‌ను విండోస్ మామూలుగా దాచిపెడుతుంది కాబట్టి దాచిన ఫైళ్లు చూపించమని ముందు టిక్ పెట్టుకోవాలి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. 2020లో వచ్చిన 78వ వెర్షన్‌లో అడ్రస్ బుక్ ఫైల్ రకమే మారిపోయింది. అంతకుముందు 'ఏబుక్ డాట్ ఎంఏబీ', ఆ తర్వాత 'ఏబుక్ డాట్ ఎస్‌క్యూలైట్'. కొత్త వెర్షన్ పాతదాన్ని చదువుకుని మార్చుకుంటుంది, పాత ఫైల్‌ను పేరు మార్చి పక్కన పెడుతుంది. మనవాళ్లు చేసే పని ఏమిటంటే, పాత సిస్టమ్ నుంచి ఎంఏబీ ఫైల్ తెచ్చి కొత్త ప్రొఫైల్‌లో పడేసి, ఏమీ కాలేదని తల పట్టుకోవడం. కొత్త వెర్షన్ ఆ పేరు వైపు చూడదు. టూల్స్‌లో ఇంపోర్ట్ ద్వారా తీసుకోవాలి. మీరు చేర్చినవి ఒక పుస్తకంలో, మీరు మెయిల్ పంపినప్పుడు అదే చేర్చుకున్నవి 'కలెక్టెడ్ అడ్రసెస్' అనే ఇంకో పుస్తకంలో ఉంటాయి, ఒకటి చూసి రెండోది మర్చిపోకండి.

అపోహ: ఎక్సెల్‌లో సీఎస్‌వీ తీసి పెట్టుకున్నాం, ఇంక భయం లేదు.

ఆ సీఎస్‌వీని (పేర్లు, నంబర్లు కామాలతో విడదీసి రాసిన మామూలు టెక్స్ట్ ఫైల్) ఎక్సెల్‌లో తెరిచి సేవ్ కొట్టారా? కొడితే ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. తెలుగులో రాసుకున్న పేర్లు ఉంటే వాటి చోట వరసగా ప్రశ్నార్థకాలు కనపడొచ్చు, ఎందుకంటే మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు అక్షరాలకు అందులో చోటు లేదు, 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని ఉన్న రకాన్నే ఎంచుకోవాలి. అనంతపురం ఎస్టీడీ కోడ్ 08554లో ముందున్న సున్నా ఎగిరిపోతుంది. 91తో మొదలయ్యే పన్నెండంకెల సెల్ నంబర్ 9.19ఈ+11 లాగా తయారవుతుంది, అలాగే సేవ్ చేస్తే చివరి అంకెలు తిరిగి రావు. ఔట్‌లుక్‌లో కట్టుకున్న గ్రూపులైతే సీఎస్‌వీలోకి రానే రావు, అందుకే ఔట్‌లుక్ నుంచి ఔట్‌లుక్‌కి పోయేటప్పుడు పీఎస్టీనే మేలు అంటాను. వీకార్డ్ (ఫోన్లు కాంటాక్ట్స్‌ను బయటికి ఇచ్చే ఫైల్ రకం) అంటారా, ఫోన్ నుంచి అన్ని పేర్లూ ఒకే ఫైల్‌గా తెచ్చి పాత తరహా ఔట్‌లుక్‌కి ఇస్తే అది మొదటి పేరు ఒక్కటే తీసుకుని ఊరుకుంటుంది. అదే ఫైల్‌ను గూగుల్ కాంటాక్ట్స్‌కి ఇస్తే మొత్తం చదువుతుంది.

అపోహ: 'కొత్త ఔట్‌లుక్' మీట నొక్కాక పేర్లు పోయాయి, వెనక్కి రావు.

కొత్త తరహా ఔట్‌లుక్‌కి మార్చే ఆ మీటను వెనక్కి తిప్పండి. కంప్యూటర్‌లోని ఫైల్‌లో మాత్రమే ఉన్న కాంటాక్ట్స్ కొత్తదాంట్లో కనపడవు, పాతదాంట్లో అలాగే ఉంటాయి.

అపోహ: ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ల పేరు నా సిస్టమ్‌లో రావట్లేదు, అప్‌గ్రేడ్ సరిగ్గా పడలేదు.

ఎక్స్చేంజ్ మీద నడిచే పెద్ద ఆఫీసుల సంగతి ఇది. ఔట్‌లుక్ స్టాఫ్ జాబితా కాపీ ఒకటి సిస్టమ్‌లో పెట్టుకుని మామూలుగా 24 గంటలకోసారి తాజా చేసుకుంటుంది. ఆగలేకపోతే సెండ్ రిసీవ్ ట్యాబ్‌లో 'డౌన్‌లోడ్ అడ్రస్ బుక్' నొక్కండి. దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది. సర్వర్ మారాక పక్క సీటు మేడమ్‌కి పంపిన మెయిల్ 'ఐఎంసీఈఏఈఎక్స్' అంటూ మొదలయ్యే పొడవాటి అడ్రస్‌తో తిరిగొస్తుంది. ఆమె అడ్రస్ బాగానే ఉంది, మీ ఆటో కంప్లీట్‌లో పాత సర్వర్ నాటి గుర్తు మిగిలిపోయింది. పేరు కొట్టగానే వచ్చే వరుసలో పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి దాన్ని తీసేసి, స్టాఫ్ జాబితా నుంచి కొత్తగా ఎంచుకుంటే మెయిల్ పోతుంది.