ఆల్టర్నేటర్ విప్పే ముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

కారు నడుస్తుండగా డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలగగానే ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జి చేసే యంత్రం, పాడైందని నిర్ణయించుకొని విప్పడానికి కూర్చోవద్దు. ముందు కొలవండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు గడిచాక, పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ మల్టీమీటరులో సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు వేసి మళ్లీ చూస్తే అది 13.8 నుంచి 14.5 మధ్యకు చేరాలి. కొత్త కార్లు కొన్నింటిలో ఈ వోల్టేజిని కంప్యూటరే మారుస్తూ ఉంటుంది కనుక, ఆ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెనే నమ్మండి. ఆల్టర్నేటర్ వెనుక లావు తీగ బిగించిన చోట 14 కనిపించి, బ్యాటరీ దగ్గర అంతకంటే బాగా తక్కువ ఉంటే, తప్పు ఆల్టర్నేటరుది కాదు. ఆ తీగదో, తుప్పు పట్టిన టెర్మినలుదో. బెల్టు వదులైనా ఛార్జింగు తగ్గుతుంది.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టే అనే పరీక్షను ఎవరు చెప్పినా చేయకండి. బ్యాటరీ పక్కకు తప్పుకున్న క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకి, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లను, కారులోని ఎలక్ట్రానిక్ భాగాలను కాల్చివేయగలదు.

విప్పక తప్పదని తేలితే, పెద్దవారిని పక్కన ఉంచుకొని, ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగను తొలగించండి. వెనుకనున్న లావు తీగ నేరుగా బ్యాటరీకి కలిసి ఉంటుంది కాబట్టి, ఇంజిన్ ఆగి ఉన్నా దానిలో కరెంటు ఉంటుంది. నెగటివ్ తీగ తీయకుండా పని మొదలుపెడితే, స్పానరు ఒక చివర దానికి, మరో చివర ఇంజిన్‌కు తగిలితే చాలు, నిప్పురవ్వలు ఎగసి చేయి కాలుతుంది.

లోపల ముందుగా అరిగేవి సాధారణంగా కార్బన్ బ్రష్షులు. తిరిగే రోటరు చుట్టకు కరెంటు అందించేవి ఇవే. స్ప్రింగు తోసినా బయటికి 5 మిల్లీమీటర్లకు మించి రాకపోతే మార్చవలసినదే. అవి రాసుకునే రెండు రాగి రింగుల మీద నల్లటి పొర పేరుకుంటే సన్నని ఎమరీ కాగితంతో తుడవండి. వేలిగోరుకు తగిలేంత గాడి పడి ఉంటే తుడిచి లాభం లేదు. రెండు రింగుల మధ్య చాలా ఆల్టర్నేటర్లలో నిరోధం 2 నుంచి 5 ఓములు ఉంటుంది. రింగుకు, ఇరుసుకు మధ్య మాత్రం సంబంధమే కనిపించకూడదు.

రోటరు చుట్టూ కదలకుండా ఉండే తీగచుట్టలో, అంటే స్టేటరులో, పుట్టేది మూడు ఫేజుల ఏసీ. దాన్ని బ్యాటరీకి పనికివచ్చే డీసీగా మార్చడానికి కనీసం ఆరు డయోడ్లు ఉంటాయి. స్టేటరు తీగల అతుకు విప్పి, మీటరును డయోడు గుర్తు మీద పెట్టి పరీక్షిస్తే, ఒక దిశలో 0.5 నుంచి 0.7 వోల్టుల వరకు చూపాలి, తిప్పి పెడితే ఏమీ దాటకూడదు. రెండు దిశల్లోనూ దాటిపోయే డయోడు ఉంటే బ్యాటరీ రాత్రికి రాత్రే దిగిపోవచ్చు.

తిరిగి బిగించాక, ఇంజిన్ నడుస్తుండగా మీటరును ఏసీకి మార్చి బ్యాటరీ మీద చూడండి. అర వోల్టు దాటితే డయోడ్లను మళ్లీ ఒక్కొక్కటిగా పరీక్షించవలసి ఉంటుంది.

ఇట్లు,
మీ తాతయ్య