లెగో సెట్లు, ఓట్లు: అపోహలు - వాస్తవాలు

పరీక్షలైపోయి వేసవి సెలవులు మొదలయ్యాయంటే నాకు ఒకటే రకం ఫోన్లు. "సార్, ఫ్యాన్స్ ఓటింగ్‌లో ఫస్ట్ వచ్చిన లెగో సెట్టు తెప్పిస్తారా?" లెగో అంటే ఒకదానికొకటి అతికించి బొమ్మలు కట్టుకునే ప్లాస్టిక్ ఇటుకలు. ఏ సెట్టు గొప్పదో దాని అభిమానులు ఓట్లేసి లిస్టు వేస్తుంటారు, ఈ ఫోన్లు ఆ లిస్టు చూసే. నెల్లూరులో చిన్న బొమ్మల షాపు నాది. ఆదివారాలు పిల్లలకు లెగో క్లాసు కూడా పెడతాను. స్టార్ వార్స్ సినిమాల్లోని అంతరిక్ష నౌక మిలీనియం ఫాల్కన్ సెట్టు గొప్పదా, టైటానిక్ ఓడ సెట్టు గొప్పదా అని మా దగ్గర పిల్లలకంటే వాళ్లను దింపడానికొచ్చిన నాన్నలే ఎక్కువ వాదించుకుంటారు. అదంతా సరదానే, నేనూ ఓటేస్తాను. ఆ లిస్టు చూసి డబ్బు కట్టేటప్పుడే వస్తుంది చిక్కు.

అపోహ: ఓట్లలో మొదటొచ్చింది కాబట్టి మా పిల్లాడికీ అదే మంచిది.

వాస్తవం: ముందు ఆ ఓట్లు ఎవరివో చూడండి. ఎక్కువ భాగం పెద్దవాళ్లవి. చిన్నప్పుడు కొనుక్కోలేకపోయినవి ఇప్పుడు జీతం డబ్బులతో కొని షోకేసులో పెట్టుకునేవాళ్లవి. వాళ్లు చూసేది పూర్తయ్యాక ఎలా కనిపిస్తుందన్నది. పైగా చాలామంది ఓటేసేది ఫొటో చూసి, కట్టి కాదు. మీ రెండో తరగతి పిల్లాడు ఆ ఓటర్లలో లేడు.

2020 నుంచి పెద్దల సెట్ల డబ్బాల మీద 18+ అని వేస్తున్నారు. అది చూపిస్తే "మావాడు చాలా షార్ప్ సార్" అంటారు. షార్ప్‌కీ దీనికీ సంబంధం లేదండీ. ఒకే రంగులో వందల చిన్న పీసులుంటాయి. ఎలా కట్టాలో చూపే పుస్తకంలో నలభయ్యో పేజీ దగ్గర ఒక పీసు తప్పు చోట పెడితే ఆ తప్పు తొంభయ్యో పేజీకి గానీ బయటపడదు. అప్పుడు అంతా ఊడదీయాలి. నాకే విసుగొస్తుంది, ఏడేళ్ల వాడికి రాదా?

పీసులెక్కువుంటే బుర్రకు పని ఎక్కువ అనేది దీని తోబుట్టువే. 2021లో వచ్చిన ప్రపంచ పటం సెట్టులో 11,695 పీసులున్నాయి. అందులో పెద్ద భాగం గుండ్రటి చిన్న బిళ్లలు, పలక మీద వరసగా అద్దుకుంటూ పోవడమే. ఇంకోవైపు చూడండి: ఎనిమిది బొడిపెల మామూలు ఇటుకలు, ఒకే రంగువి, ఆరు ఇస్తే చాలు, వాటిని 91 కోట్లకు పైగా రకాలుగా కలపొచ్చని గణిత నిపుణులు లెక్కగట్టారు.

డబ్బు పోతే పోయింది, నాకు బాధ వేరే. బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒకాయన కొడుకుని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆన్‌లైన్‌లో ఈఎంఐ మీద తెప్పించిన పెద్ద సెట్టు, సగం కూడా కాలేదు. "వీడికి దేన్లోనూ కుదురు లేదన్నా. డాక్టరుకు చూపించమంటావా?" అన్నాడు, పిల్లాడు వింటుండగానే. సంచి విప్పి చూస్తే విషయం తెలిసిపోయింది. నంబర్లేసిన కవర్లన్నీ ఒకేసారి చించి ప్లాస్టిక్ టబ్బులో పోసేశారు. ఒకటో నంబరు కవరు పూర్తయ్యాకే రెండోది విప్పాలి, అందుకేగా ఆ నంబర్లు. అన్నీ కలిపేస్తే ఇంజనీరుకైనా దారి దొరకదు. వాడి ముందు మా క్లాసు విడి పీసుల డబ్బా పెట్టి, మేం మాటల్లో పడ్డాం. గంట దాటినా వాడు తల ఎత్తలేదు. చూస్తే రొయ్యల గుంట కట్టాడు, గట్టూ, మోటారు షెడ్డూ, తిరిగే ఏరేటర్లతో సహా. వాళ్ల నాన్నకున్నది రొయ్యల గుంటలే. వీడికా కుదురు లేనిది?

అమ్మానాన్నల మీద నాకు కోపం లేదు. పక్కింటి పిల్లాడు కట్టిన వీడియో చూసి మనవాడు వెనకబడుతున్నాడేమో అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. మొదటిసారి కొంటున్నారా? రకరకాల విడి పీసులుండే క్లాసిక్ డబ్బా తీసుకోండి, 484 పీసులది చాలు. కొంచెం అలవాటైనవాడికి ఒకే సెట్టుతో మూడు బొమ్మలు కట్టుకునే క్రియేటర్ రకం. మొన్న మా క్లాసులో ఓటింగ్ పెడితే పెద్దలు టైటానిక్ అన్నారు. పిల్లల ఓట్లు మాత్రం ఏ డబ్బాలోనూ లేని రాకెట్టుకు పడ్డాయి, వాళ్లే విడి పీసులతో కట్టింది. శ్రీహరికోటలో రాత్రి ప్రయోగముంటే మిద్దెక్కి చూసే ఊరు కదా మాది.

అపోహ: 10,000 ఓట్లొస్తే మా అమ్మాయి డిజైన్ సెట్టుగా వచ్చేస్తుంది.

వాస్తవం: అభిమానులు తమ డిజైన్లు పెట్టే కంపెనీ వెబ్‌సైటు లెగో ఐడియాస్‌లో 10,000 మంది మద్దతిస్తే అది కంపెనీ పరిశీలనకు వెళ్తుంది, అంతవరకే. అక్కడ ఎక్కువ భాగం తిరస్కరిస్తారు. దాటి వచ్చినవీ ఉన్నాయి. 2017లో వచ్చిన శాటర్న్ వి సెట్టు, అంటే మనిషిని చంద్రుడి దగ్గరకు పంపిన రాకెట్టు, అభిమానుల ఆలోచనే. చంద్రుడి మీద కాలుపెట్టిన ఏడాది గుర్తుగా సరిగ్గా 1,969 పీసులు పెట్టారు. డిజైన్ ఎంపికైతే నికర అమ్మకాల్లో ఒక శాతం ఇస్తారు. ఓట్లు వేయించిపెడతామని ఎవరైనా డబ్బులడిగితే మాత్రం ఫోన్ పెట్టేయండి.

అపోహ: సీలు తీయకుండా దాస్తే బంగారం.

వాస్తవం: తాజ్‌మహల్ సెట్టు 2008లో వచ్చింది, 5,922 పీసులు. కంపెనీ తయారీ ఆపేశాక రేటు ఆకాశానికెక్కింది. 2017లో కంపెనీ దాదాపు అదే సెట్టును ఒక్క పీసు ఎక్కువతో మళ్లీ దించింది. పాతదాన్ని పెద్ద రేటుకు కొని దాచినవాళ్ల సంగతి మీరే ఊహించుకోండి. లాభపడ్డవాళ్లు లేరనను. కానీ మన ఎండకీ చెమ్మకీ అట్టడబ్బా నలిగినా బేరం తగ్గుతుంది. పిల్లాడి ఫీజు డబ్బులు ఇందులో పెట్టకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. లెగో కానివన్నీ దొంగ సరుకు అనుకోకండి. 1958 నాటి ఇటుక పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది, దానికి అతుక్కునే ఇటుకలు ఎవరైనా చేయొచ్చు. డబ్బా బొమ్మ, డిజైన్ మక్కీకి మక్కీ దించేస్తే అది దొంగ సరుకు. ఏ బ్రాండైనా ఐఎస్‌ఐ గుర్తు చూడండి, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి.

మూడేళ్లు నిండని పిల్లలకు మామూలు లెగో వద్దే వద్దు, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది. వాళ్లకు రెట్టింపు సైజుండే డూప్లో ఉంది. పెద్దయ్యాక వాటిని ఎవరికో ఇచ్చేయకండి, ఆ ఇటుకలు మామూలు లెగో ఇటుకలతో కూడా కలుస్తాయి.