గోబర్ గ్యాస్‌ను నొక్కి నింపితే వంటగ్యాస్ అవుతుందా? అపోహలు – వాస్తవాలు

బయోగ్యాస్‌ను, అంటే గోబర్ గ్యాస్ లాంటి వాయువును, శుద్ధి చేసి కంప్రెస్ చేసే ప్లాంట్ల పనిలో ఉన్న నన్ను, విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పాడి రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, మా ట్యాంకులో గ్యాస్ మిగిలిపోతోంది, కంప్రెసర్ పెట్టి ఖాళీ సిలిండర్‌లో నింపుకోవచ్చా?" నింపుకోకూడదు. మిగిలిన అపోహల వల్ల డబ్బు పోతుంది, దీనివల్ల ప్రాణమే పోవచ్చు కాబట్టి ముందుగా దీని గురించే వివరంగా రాస్తున్నాను.

వంటగ్యాస్ అంటే ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. కొద్ది బార్ల (ఒక బార్ అంటే దాదాపు బయటి గాలి ఒత్తిడి అంత) ఒత్తిడికే అది మామూలు ఉష్ణోగ్రత వద్ద ద్రవమవుతుంది, అందుకే చిన్న సిలిండర్‌లో 14.2 కిలోలు పడుతుంది. గోబర్ గ్యాస్‌లో మండేది మీథేన్. మైనస్ 82 డిగ్రీల కంటే చల్లబరిస్తే తప్ప ఎంత నొక్కినా మీథేన్ ద్రవం కాదు. లెక్క వేసి చూడండి. వంటగ్యాస్ సిలిండర్ లోపలి పరిమాణం సుమారు 33 లీటర్లు. దానిలో బయటి గాలి ఒత్తిడికి పైన 8 బార్ల వరకు గోబర్ గ్యాస్ నింపితే పట్టేది దాదాపు 300 లీటర్లు, అందులో మీథేన్ 60 శాతం అనుకున్నా 180 లీటర్లు. అది మండితే వచ్చే వేడి సుమారు 140 గ్రాముల వంటగ్యాస్ ఇచ్చే వేడితో సమానం, అంటే ఒక పొయ్యి గంట సేపు వెలగడానికి అటూ ఇటూగా సరిపోతుంది. సీఎన్‌జీ మాదిరిగా 200 బార్ల వరకు నొక్కుదామంటే వంటగ్యాస్ సిలిండర్ ఆ ఒత్తిడికి తయారు చేసినది కాదు.

నిరుడు వేసవిలో తెనాలి దగ్గర ఒక రైతు ఇంటికి వెళ్లాను. పది గేదెలు, చక్కగా నడుస్తున్న ట్యాంకు. టైర్లకు గాలి కొట్టే పాత కంప్రెసర్ ఒకటి కొని, దానితో రెండు పాత సిలిండర్లు నింపి వంటింటి పక్కనే పెట్టుకున్నారు. వాల్వు ఇత్తడి నల్లగా మారిపోయి ఉంది, అది గోబర్ గ్యాస్‌లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పని. తేమ కూడా తోడైతే అదే వాయువు ఇనుమును లోపలి నుంచి తినేస్తుంది, బయటికి రంగు మాత్రం నిక్షేపంగా కనిపిస్తుంది. అంతకంటే భయపెట్టింది ఆ కంప్రెసర్. అది గాలి కోసం చేసినది. పీల్చే వైపు గొట్టం కాస్త వదులైనా బయటి గాలి లోపలికి వస్తుంది, ఆ మిశ్రమంలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్యకు చేరితే ఒక్క నిప్పురవ్వకే పేలుతుంది. మోటారు స్విచ్చు ఆ రవ్వను ఇవ్వగలదు. సిలిండర్లను పొలంలోకి మోయించి, దూరంగా నిలబడి, నెమ్మదిగా వాల్వు విప్పించాను. ఆయన తప్పు చేశారని నేను అనను. వీడియోలో ఒకరు చేసి చూపిస్తే నమ్మారు, ఇంటి ఖర్చు తగ్గించుకోవాలనుకున్నారు. జాగ్రత్తల మాటే ఎత్తకుండా ఇలాంటి వీడియోలు పెట్టేవారిని మాత్రం నేను క్షమించలేను.

రెండవది, "వాసన పోయింది కాబట్టి శుద్ధి అయిపోయింది" అనే నమ్మకం. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద) దాటితే ముక్కే మొద్దుబారిపోతుంది. నాతో పనిచేసిన ఒక కుర్రవాడు ఆ వాయువును పట్టుకోవడానికి ఇనుప రజను నింపిన ఫిల్టర్ పెట్టె మూత తీసి, "వాసన లేదు సార్" అంటుండగానే నా చేతిలోని మీటర్ మోగింది. అతణ్ణి రెక్క పట్టుకుని ఆరుబయటికి లాగాను. వాడిన రజనుకు గాలి తగిలితే వేడెక్కి అంటుకోవచ్చు, కాబట్టి తడిపిన తర్వాతే పారవేయాలి.

"శుద్ధి చేస్తే గ్యాస్ సగానికి పడిపోయింది, మోసం చేశారు" అనేవారికి ఒక మాట. పోయినది మండని కార్బన్ డై ఆక్సైడ్, మీథేన్ దాదాపుగా అంతా మిగిలే ఉంటుంది. సీబీజీ (శుద్ధి చేసి కంప్రెస్ చేసిన బయోగ్యాస్) పోస్తే ఇంజన్ పాడవుతుందని ఆటో డ్రైవర్లు కూడా దిగులు పడనక్కరలేదు. ఐఎస్ 16087 అనే భారతీయ ప్రమాణం ప్రకారం దానిలో మీథేన్ కనీసం 90 శాతం ఉండాలి, హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిపి మొత్తం గంధకం ఘనపు మీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ ప్రమాణానికి తగినట్లుంటే సీఎన్‌జీ కిట్‌లోనే నడుస్తుంది. గ్యాస్ తీసిన పేడలో సత్తువ ఉండదన్న మాట కూడా నిజం కాదు, నత్రజని స్లర్రీలోనే, అంటే ట్యాంకు నుంచి బయటికి వచ్చే పేడ నీళ్లలోనే, ఉంటుంది.

ఇక, సొంతంగా సీబీజీ ప్లాంటు పెట్టి బంకుకు అమ్ముదామనుకునే చిన్న రైతులు పేడ లెక్క చూసుకోవాలి. ఒక ఘనపు మీటరు గ్యాస్‌కు సుమారు 25 కిలోల పచ్చి పేడ కావాలి, కిలో సీబీజీకి అలాంటి గ్యాస్ రెండున్నర ఘనపు మీటర్ల వరకు పడుతుంది. గేదెకు రోజుకు 15 కిలోల పేడ చొప్పున పది గేదెల మీద వచ్చేది రెండు కిలోల పైచిలుకు. గ్యాస్‌ను శుద్ధి చేసే స్క్రబ్బర్, అధిక పీడన కంప్రెసర్, పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతులు, వీటి ఖర్చును ఆ రెండు కిలోలు మోయలేవు. 2018 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన సీబీజీ పథకమైన సతత్ రోజుకు టన్నుల లెక్కన తయారు చేసే ప్లాంట్లను ఉద్దేశించినది.

తెనాలి రైతు మిగులు గ్యాస్‌ను ఇప్పుడు కంప్రెసర్ లేకుండానే, ట్యాంకు ఒత్తిడి మీదనే గొట్టం ద్వారా పక్కనే ఉన్న వారి తమ్ముడి ఇంటి పొయ్యికి పంపుతున్నాము. గొట్టంలో చేరే నీరు దిగిపోవడానికి పల్లంలో ఒక కుళాయి పెట్టించాను, దానిని వారానికోసారి తిప్పుతారు.