పడవకు అందని తిమింగలం

మూడు గంటల తిమింగలాల విహారానికి టికెట్లు అమ్మే పడవ యజమాని మొదట వేసుకునేది దూరం లెక్క. మూడు గంటల్లో ఒక గంట తిమింగలాల దగ్గర ఆగాలి. మిగిలిన రెండు గంటల్లో వెళ్లి రావాలి. పడవ గంటకు 15 నాటికల్ మైళ్లు పోతుందనుకుంటే రేవు నుంచి 15 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 28 కిలోమీటర్ల దాకా వెళ్లగలదు. అంతకు మించితే మధ్యాహ్నం ట్రిప్పు పోయినట్టే. వేగం పెంచితే సరిపోతుందిగా అంటారేమో. నీటిని చీల్చుకుంటూ పోయే బరువైన పడవ వేగం రెట్టింపు కావాలంటే ఇంజను శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. అక్కడికి సగం టైములోనే చేరినా, మైలుకు తాగే డీజిలు నాలుగు రెట్లవుతుంది. దీనికి తోడు గాలి. అలల తలలు తెల్లగా విరగడం మొదలైతే తిమింగలం వదిలిన ఊపిరి చిమ్మును ఆ నురగలో పోల్చుకోవడం అలవాటైన కళ్లకే కష్టం, ఇక టికెట్టు కొన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

కాబట్టి ఈ వ్యాపారమంతా రేవు చుట్టూ గీసిన ఒక చిన్న వృత్తంలో, ఏడాదిలో మూడు నాలుగు నెలలు బతుకుతుంది. తిమింగలం మేత మాత్రం ఆ వృత్తానికి వేల కిలోమీటర్ల అవతల ఉండవచ్చు. వాతావరణ మార్పు దెబ్బ ముందుగా ఆ మేత మీద పడుతుంది. తిమింగలాలు బతుకుతాయా అంతరిస్తాయా అన్న పెద్ద ప్రశ్న తేలకముందే, అవి ఆ వృత్తంలోకి ఆ నెలల్లోనే వస్తాయా అన్న చిన్న ప్రశ్న రేవు ఊళ్ల పొయ్యి మీద కుండను కదిలిస్తుంది. 2008లో 119 దేశాల్లో కోటీ ముప్పై లక్షల మంది తిమింగలాలను చూడటానికి వెళ్లారని, 210 కోట్ల డాలర్ల వ్యాపారం జరిగిందని ఒక అంతర్జాతీయ లెక్క. ఇదంతా 1955లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో మనిషికి ఒక డాలరు టికెట్టుతో మొదలైంది.

ఆ డాలరుకు కనబడింది గ్రే వేల్, బూడిదరంగు తిమింగలం. దీని సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే మంచుకూ మేతకూ టికెట్టుకూ ఉన్న ముడి దీనిలో కనబడినంత స్పష్టంగా మరెక్కడా కనబడదు. ఈ తిమింగలాలు వేసవంతా అలాస్కా పైన బేరింగ్, చుక్చీ సముద్రాల్లో మేస్తాయి. చలికాలానికి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా తీరానికి దిగుతాయి. రానుపోను 16 వేల కిలోమీటర్లకు పైనే. అక్కడ ఓహో దె లియేబ్రే, శాన్ ఇగ్నాసియో అనే మడుగులున్నాయి. మన పులికాట్ సరస్సులాగా ఇరుకు నోటితో సముద్రానికి కలిసే ఉప్పునీటి మడుగులవి. చూలు తిమింగలాలు అక్కడికి పురిటికి వస్తాయి. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు పెట్టినట్టు వీటికి పెట్టేవాళ్లెవరూ లేరు. దారిలోనూ మడుగులోనూ తినేది బహు తక్కువ. ఉత్తరాన నాలుగైదు నెలల్లో ఒంటికి పట్టించుకున్న కొవ్వుతోనే ప్రయాణం, కాన్పు, పిల్లకు పాలు, తిరుగు ప్రయాణం అన్నీ గడవాలి.

ఆ కొవ్వు బురద నుంచి వస్తుంది. గ్రే వేల్ సముద్రపు అడుగున ఒక పక్కకు, ఎక్కువగా కుడివైపుకు, ఒరిగి బురదను నోటితో పీలుస్తుంది. పై దవడకు వేలాడే జల్లెడలాంటి బలీన్ పలకల గుండా నీటినీ మట్టినీ వదిలేస్తుంది. లోపల మిగిలేవి యాంఫిపాడ్లు, బురదలో గొట్టాల్లాంటి గూళ్లు కట్టుకుని ఉండే చిన్న రొయ్యల్లాంటి జీవులు. వాటి తిండి ఆకాశం నుంచి పడినట్టు పైనుంచి పడుతుంది. సముద్రపు మంచు పలకల అడుగున నాచు పెరుగుతుంది. వసంతంలో మంచు కరిగితే అది విడిపోయి కిందికి దిగుతుంది. అక్కడ సముద్రం లోతు చాలాచోట్ల 50 మీటర్లే కాబట్టి మధ్యలో ఎవరూ తినేలోపే అడుగుకు చేరుతుంది.

మంచు పలచబడితే రెండు రకాల నష్టం. ఎండ తగిలిన నీటిలో పైనే పెరిగే సూక్ష్మమైన నాచును పైనే తేలుతూ తిరిగే చిన్న జీవులు, అంటే జంతు ప్లవకాలు, తినేస్తాయి, అడుగుకు ఎంగిలి కూడా సరిగా దిగదు. పైగా మంచు మూత లేనిచోట ప్రవాహాలు పుంజుకుని సన్నటి ఒండ్రును తోసుకుపోతే యాంఫిపాడ్లకు గూడు కట్టుకునే నేలే ఉండదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మంచు త్వరగా తీస్తే తిమింగలాలకు మేత రోజులు పెరుగుతాయి. ఒక ఏడాది వరకు చూస్తే అది లాభమే. 2023లో వచ్చిన ఒక పరిశోధన అర్ధ శతాబ్దపు లెక్కలు చూసి, ఈ జాతి సంఖ్య ఒక్కసారిగా పడిపోయిన సందర్భాలకు అడుగున మేత ఎంత ఉంది, దాన్ని చేరకుండా మంచు ఎంత అడ్డుకుంది అన్న రెండింటితోనూ సంబంధం ఉందని తేల్చింది. 1980ల్లోనూ, 1999–2000లోనూ ఇలా పడిపోయి మళ్లీ లేచాయి. ఈసారి లేవడం మాత్రం అంత తేలిగ్గా లేదు. 2016లో సుమారు 27 వేలున్నవి, 2025 శీతాకాలపు అంచనా ప్రకారం 13 వేలకు దిగాయి. ఆ ఏడాది తల్లులతో ఉత్తరానికి వెళ్తూ లెక్కకు దొరికిన పిల్లలు 85 మాత్రమే. 1994లో ఆ లెక్క మొదలైనప్పటి నుంచి ఇదే అతి తక్కువ. 2018 డిసెంబరు నుంచి 2023 నవంబరు దాకా మెక్సికో, అమెరికా, కెనడా తీరాలకు 690 కళేబరాలు కొట్టుకొచ్చాయి. చచ్చినవాటిలో ఒడ్డుకు చేరేవి కొన్నే, మిగతావి మునిగిపోతాయి.

శాన్ ఇగ్నాసియోలో 1972లో పచీకో మయోరాల్ అనే జాలరి తన పడవ పక్కకు వచ్చిన గ్రే వేల్‌ను చేత్తో తాకాడు. అప్పటిదాకా దాన్ని దెయ్యపు చేప అని తప్పించుకు తిరిగిన ఊరు అది. ఇప్పుడు అక్కడి జాలర్లు వేట మాని చలికాలమంతా పాంగా అనే ఫైబరు పడవల్లో జనాన్ని తిప్పుతారు. చూసే చోట ఒకేసారి 16 పడవలకే అనుమతి, ఒక్కో పడవకు 90 నిమిషాలు. ఇంత మంచి కట్టడి ఉన్నా ఉత్తరాన బురదలో ఏం జరుగుతుందో వాళ్ల చేతిలో లేదు. కాలిఫోర్నియా తీరంలో దక్షిణానికి పోయే గ్రే వేల్‌లను ఏళ్ల తరబడి లెక్కపెడుతున్న చోట, ఆ వరుసలో సగం తిమింగలాలు దాటిపోయే రోజు 1980 ముందు జనవరి 8. ఆ తర్వాత అది జనవరి 15కు జరిగింది. వారమే కదా అనిపిస్తుంది. ఆరు నెలల ముందే విమానం టికెట్టు కొనుక్కుని సీజను మొదట్లో వచ్చేవాళ్లకు ఆ వారమే సర్వం.

తల్లులు తగ్గితే పడవల సంఖ్య తగ్గదు, ఒక్కో తల్లి చుట్టూ చేరే పడవలు పెరుగుతాయి. పర్యాటకం మీద ప్రభావం అనగానే ఆదాయం లెక్కలు వేసేవారు ఈ సంగతి ఎక్కువగా వదిలేస్తుంటారు. ఇంజను చప్పుడుకు మునగడం, పక్కకు తప్పుకోవడం, పిల్లకు పాలివ్వడం ఆపడం, ప్రతిదానికీ కొవ్వు ఖర్చే. కడుపు నిండిన తిమింగలం ఈ ఖర్చును తట్టుకుంటుంది. ఎండిపోయినది తట్టుకోలేదు. అందుకని పదేళ్ల కిందట చాలనిపించిన దూరాలు ఇప్పుడు చాలకపోవచ్చు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం తన తీరపు ఓర్కాల (కిల్లర్ వేల్‌ల) గుంపుకు, మొత్తం డెబ్బైకి కాస్త పైన మాత్రమే మిగిలినవాటికి, పడవలన్నీ 1,000 గజాల దూరంలో ఉండాలని 2025 జనవరి నుంచి నిబంధన పెట్టింది. వాటి తిండి అయిన చినూక్ సాల్మన్ చేపలు ఆనకట్టల వల్లా, వేడెక్కిన నదుల వల్లా తగ్గాయి. అక్కడి విహార పడవలు సీళ్లను తినే వేరే ఓర్కాల వైపు మళ్లాయి. సీళ్లకు కొదవ లేదు కాబట్టి వాటికి ఇప్పటికి ఫరవాలేదు. అన్ని రేవులకూ ఇలా మారు జాతి దొరకదు.

కెనడా, అమెరికాల మధ్య ఫండీ అఖాతంలో ఇప్పుడు మునుపటిలా కనబడనిది నార్త్ అట్లాంటిక్ రైట్ వేల్. దాన్ని ఆనుకున్న మెయిన్ అఖాతం 2004–2013 మధ్య ప్రపంచంలోని సముద్రాల్లో 99 శాతం ప్రాంతాల కన్నా వేగంగా వేడెక్కింది. ఈ తిమింగలాలు తినే కలానస్ అనే బియ్యపు గింజంత ప్లవకం పలచబడింది. 2010 తర్వాత ఇవి అక్కడికి రావడం తగ్గించి, మేత వెతుక్కుంటూ సెయింట్ లారెన్స్ అఖాతంలోకి వెళ్లాయి. అప్పట్లో అక్కడ వీటి కోసం ఓడల వేగానికి కట్టడి ఉండేది కాదు, పీతల వలతాళ్లకు నిబంధన ఉండేది కాదు. 2017 ఒక్క ఏడాదిలోనే రెండు దేశాల్లో కలిపి 17 చచ్చిపోయాయి. మొత్తం నాలుగు వందలకు లోపే ఉన్న జాతి అది. చూసే రేవుకు కరువు, వెళ్లిన చోట ప్రాణానికి ముప్పు.

అన్నిచోట్లా తిమింగలాలు దూరమే అవుతాయనుకుంటే పొరపాటు. 2014–16లో ఈశాన్య పసిఫిక్‌లో వేడినీటి ముద్ద ఒకటి పరుచుకుంది. కాలిఫోర్నియా తీరంలో అడుగు నుంచి పైకి తేలే చల్లని, పోషకాలున్న నీరు ఒడ్డు దగ్గర సన్నటి పట్టీగా కుంచించుకుపోయింది. ఆంకోవీ చేపలు ఆ పట్టీలోకి చేరాయి, వాటి వెనకే హంప్‌బ్యాక్ తిమింగలాలు. ఒడ్డుకు దగ్గరగా ఎగిరెగిరి పడే తిమింగలాలు కనబడటం మాంటెరే ప్రాంతపు విహారాలకు పండగే. కానీ ఆ వేడి నీటిలోనే విషపు నాచు పెరిగి డంజెనెస్ పీతల్లోకి డొమోయిక్ ఆమ్లం అనే విషం చేరింది. పీతల వేట వాయిదా పడి 2016 మార్చి చివర్లో, సరిగ్గా తిమింగలాలు వచ్చే వేళకు మొదలైంది. ఒడ్డు దగ్గరి ఆ ఇరుకు పట్టీలోనే వేలాది పీతల బోనులు, వాటి నిలువు తాళ్లు. అమెరికా పశ్చిమ తీరంలో అంతకు ముందు ఏటా పది చొప్పున ఉండే తాళ్లలో చిక్కిన తిమింగలాల కేసులు 2015, 2016ల్లో ఏటా యాభైకి చేరాయి. పడవ మీద నిలబడి చూస్తే ఆ ఏళ్లు బంగారు సీజన్లు. రేవులో బాగా కనబడుతున్నాయి కాబట్టి సముద్రం బాగుంది అనుకోవడం ఎంత తప్పో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

అదే వేడి దెబ్బ హవాయిలో ఇంకోలా కనబడింది. మావి దీవి పక్కన అవువవు జలసంధిలో పిల్లతల్లులైన హంప్‌బ్యాక్‌లు ఎదురుపడటం 2013–2018 మధ్య 76 శాతానికి పైగా తగ్గింది. హవాయి నీళ్లలో లోపమేమీ లేదు. అలాస్కాలో మేత కరవైంది, పిల్లలు తగ్గాయి.

తెలుగువాళ్లు తిమింగలం చూడాలని విమానం ఎక్కితే దగ్గర్లో ఉన్నది శ్రీలంక దక్షిణ కొసన మిరిస్స. అక్కడ ఖండపు అరుగు, అంటే ఒడ్డును ఆనుకుని లోతు తక్కువగా ఉండే సముద్రపు నేల, ఇరుకు; లోతు ఒడ్డుకు దగ్గర. అందుకే నీలి తిమింగలం ఒక పూట ప్రయాణంలో అందుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సీజను. ఇవి ధ్రువాలకు పోవు, ఏడాదంతా ఉత్తర హిందూ మహాసముద్రంలోనే మేసి ఇక్కడే కంటాయి. మంచుతో పేచీ లేదు కానీ, సముద్రం వేడెక్కితే ఇవి పోగల చల్లని మేతభూమి ఇంకొకటి లేదు. వేడినీరు పైన మూతలా పరుచుకుంటే కింది పోషకాలు పైకి రావు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2016లో చెప్పినదాన్ని బట్టి, పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాల్లో వృక్ష ప్లవకాలు 20 శాతం దాకా తగ్గాయి. మిరిస్స ఆ ప్రాంతంలోకి రాదు. కానీ పొరుగింటి పొగ కంటికి తగులుతూనే ఉంటుంది.

టికెట్టు కొనేముందు, తిమింగలం కనబడకపోతే మళ్లీ తీసుకెళ్తారా అని అందరూ అడుగుతారు. దానికంటే, ఒక తిమింగలం దగ్గర ఎన్ని పడవలుంటే మీ సరంగు వెనక్కి తిప్పుతాడు అని అడగడం మేలు. "తప్పక చూపిస్తాం" అనే పడవకు వెంటబడటం తప్ప దారి ఉండదు. మంచి సరంగు ఎదురుగా పోడు, వెనక నుంచి తరమడు, పక్కగా అదే వేగంతో నడిపి, దూరంలోనే ఇంజను న్యూట్రల్‌లో పెట్టి ఆగుతాడు. గ్రే వేల్ పడవ దగ్గరికే వస్తే ఊపిరి రంధ్రం వెనక, తల వీపుతో కలిసే చోటు చూడండి. మేత దొరికినదానికి అక్కడ గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. పస్తున్నదానికి అక్కడ పల్లం పడి మెడలాగా కనబడుతుంది, భుజపుటెముక అంచు తెలుస్తుంది.

హంప్‌బ్యాక్‌కైతే తోక. మునిగేముందు తోక ఎత్తినప్పుడు దాని అడుగు భాగపు నలుపు తెలుపు మచ్చలు మన వేలిముద్రల్లాంటివి. ఉత్తర పసిఫిక్‌లో ఇవి 2012లో 33 వేలకు పైగా ఉండి 2021కి 26,600కు తగ్గాయని తేల్చిన పరిశోధనకు ఆధారం ఇలాంటి ఫోటోలే, వాటిలో పర్యాటకులు తీసినవీ చాలా ఉన్నాయి. హ్యాపీవేల్ అనే వెబ్‌సైటులో ఎవరైనా తమ ఫోటో చేర్చవచ్చు. తోక వెనక నిలబడి, అడుగు భాగం పూర్తిగా లేచాక తీయాలి. పక్కనుంచి తీసినది అందంగా ఉంటుంది కానీ మచ్చలు కనబడవు. తేదీ, స్థలం ఫోటోతోనే ఉండనివ్వండి. కాస్త మసకబారినా, వెనక అంచులోని గంట్లు లెక్కపెట్టగలిగేలా ఉంటే ఆ ఫోటో పనికొస్తుంది.