ఈగల్ క్లబ్బుల కంటే ముందు దూబగుంట

మా చుట్టాలబ్బాయి ఒకడు ఇంటర్ సెకండియర్. కాలేజీలో మత్తుకు వ్యతిరేకంగా పెట్టిన ఈగల్ క్లబ్బులో తనూ మెంబరేనని మొన్న గొప్పగా చెప్పాడు. ఏం చేస్తార్రా అందులో అంటే, జూన్ 26న, మత్తుమందుల వ్యతిరేక దినం కదా, ప్రతిజ్ఞ చేశాం, ఫ్లెక్సీ మీద సంతకాలు పెట్టాం, ఫొటో దిగాం అన్నాడు. తర్వాత? "తర్వాతేముంది బాబాయ్, సార్ ఆ ఫొటో వాట్సాప్‌లో పైకి పంపారు." అదే పిల్లాడు ఇంకో పది నిమిషాలకు, కాలేజీ వెనక ఏ బడ్డీకొట్టు దగ్గర సరుకు దొరుకుతుందో, ఎవడు తెస్తాడో మాటల్లో చెప్పేశాడు. ఆ సంగతి క్లబ్బులో ఎవరూ అడగలేదట.

వాణ్ణి, ఆ సార్‌ని తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు. మత్తు మీద జనమూ ప్రభుత్వమూ కలిసి పనిచేయాలన్న మాట మనకు కొత్తేం కాదు, ఒకప్పుడు మనమే దాన్ని దేశానికి చూపించాం, అది ఇలా ఫ్లెక్సీ దాకా ఎలా వచ్చిందో ఒకసారి వెనక్కి వెళ్లి చూద్దామని.

1980ల్లో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది. కూలి డబ్బులు ఇంటికి రాకముందే అయిపోయేవి, రాత్రయితే కొట్లాటలు. అలాంటి రోజుల్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడికి వెళ్లారు, అక్షరాలు దిద్దుకోవడానికి. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, తాగుబోతుల మీద ఊరి ఆడవాళ్లు తిరగబడిన కథ. ఇది మన కథే కదా అనుకున్నారు. వర్దినేని రోశమ్మ ముందు నడిచింది, సారా దుకాణం మూతపడింది. అక్కడి నుంచి 1992 నాటికి జిల్లా అంతా పాకింది. చీపుర్లు, కారం పొట్లాలు పట్టుకుని సారా బండ్లకు అడ్డంపడ్డారు, వేలం పాటలు జరగనివ్వలేదు, కలెక్టరేట్లో పాట పెట్టడం, వాయిదా వేయడం, మళ్లీ పెట్టడం. చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతా సారా నిషేధించింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చాడు (వారుణి వాహిని తెచ్చింది కూడా ఆయన ప్రభుత్వమే, అది వేరే సంగతి). 1997లో ఖజానా పేరు చెప్పి అది ఎత్తేశారు.

ఇక్కడ ఎవరూ పెద్దగా చెప్పని విషయం ఒకటుంది. దూబగుంటలో కమిటీ వేయమని ఎవరూ సర్క్యులర్ పంపలేదు. ప్రభుత్వం ఇచ్చింది బడి, పుస్తకం, లాంతరు. ఏం చేయాలన్నది ఆడవాళ్లే తేల్చుకున్నారు. సారా మానితే మిగిలిన డబ్బు పొదుపు సంఘాల్లోకి వెళ్లింది, తర్వాత డ్వాక్రా అంతగా పాతుకోవడానికి ఆ ఊపు కూడా ఒక కారణం.

గంజాయి కథ దీనికి పూర్తిగా తిరగేసి నడిచింది. 1985లో మత్తుమందుల మీద ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక అది పోలీసుల వ్యవహారమే అయిపోయింది, ఊరికి అందులో పనేమీ లేదు. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల వైపు ఏజెన్సీలో బయటి వ్యాపారులు విత్తనం, అడ్వాన్సు ఇచ్చి కొండల్లో పండించారు. రోడ్డు లేని ఊళ్లో పసుపు అమ్ముకోవాలంటే సంతకు మోసుకుపోవాలి, గంజాయి అయితే కొనేవాడే గుమ్మంలోకి వస్తాడు. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో తోటలు నరికేశారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు ఒకేసారి తగలబెట్టారు. కాఫీ, మిరియాలు, రాజ్మా వేసుకోమన్నారు. ఆ పొగ ఫొటోలు అందరికీ గుర్తే.

సరుకు ఆపడం అవసరమే, కాదనను. కానీ ఒక్క సరుకే ఆపితే ఏమవుతుందో తెలంగాణ 2015లో చూసింది. కల్తీ కల్లు మీద దాడులు పెరిగి ఆల్ప్రజోలం అనే మత్తు మందు కలిపిన కల్లు దొరకడం తగ్గేసరికి, అలవాటుపడ్డ మనుషులు ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆస్పత్రుల్లో పడ్డారు, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి పరుగెత్తారు. ఎక్సైజ్ వాళ్లకూ డాక్టర్లకూ మధ్య ముందే ఒక మాట ఉండాల్సింది.

2016 డిసెంబర్లో సుప్రీంకోర్టు, పిల్లల్లో మత్తు అలవాటు ఎంతుందో సర్వే చేసి జాతీయ ప్రణాళిక తయారుచేయమని కేంద్రానికి చెప్పింది. 2019లో ఎయిమ్స్ సర్వే బయటికొచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో మద్యం తాగేవాళ్లు 14.6 శాతం, గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్లు 2.8 శాతం. నన్ను ఆపేసింది ఇంకో లెక్క. వైట్‌నర్, జిగురు లాంటివి పీల్చే అలవాటు ఒక్కటే పెద్దవాళ్లకన్నా పిల్లల్లో ఎక్కువ, 1.17 శాతం. దాన్ని పట్టుకోవడానికి చెక్‌పోస్టు పనికిరాదు, స్టేషనరీ షాపు అతను, క్లాస్ టీచర్, ఇంట్లో అమ్మ, వీళ్లలో ఎవరో ఒకరు గమనించాలి.

ఆ తర్వాతివే ఇప్పుడు మనం చూస్తున్నవి. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో కేంద్రం నశా ముక్త్ భారత్ ప్రచారం, ఆపైన బళ్లలో మత్తు మీద కాపలాకు ప్రహరీ క్లబ్బులు, 2024 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మత్తుమందుల మీద ఈగల్ అనే పోలీసు విభాగం, 2025 జూన్‌లో తెలంగాణ నార్కోటిక్స్ బ్యూరోకూ అదే పేరు. ఫోన్ నంబర్లు ఆంధ్రాలో 1972, తెలంగాణలో 1908. ఈలోగా పేపర్లకు ఒక మాట దొరికింది. కుర్రాళ్లు ఎక్కడ తన్నుకున్నా "గంజాయి బ్యాచ్ వీరంగం". ఒకప్పుడు బెజవాడలో, రాజమండ్రిలో "బ్లేడ్ బ్యాచ్" అనేవాళ్లు. బ్యాచ్ అనేశాక వాడు ఎవరి పిల్లాడన్నది ఎవరికీ పట్టదు. క్వార్టర్ బాటిల్ తర్వాత జరిగిన తన్నులాటకు మాత్రం అలాంటి పేరేమీ పెట్టరు, ఆ బాటిల్ మీద ప్రభుత్వానికి ఆదాయం ఉంది మరి.

అసలు అడ్డంకి భయం. ఇంట్లో వాళ్లకు తెలిసినా చెప్పరు, కేసవుతుంది, చదువు పోతుంది, పెళ్లి కాదు. నిజానికి అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైనవాడు వాడిన కేసులోనో, చిన్న మోతాదు కేసులోనో ఇరుక్కున్నా, తానే ముందుకొచ్చి ప్రభుత్వ ఆస్పత్రిలోనో గుర్తింపున్న కేంద్రంలోనో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు, మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాడికి ఇది వర్తించదు. చికిత్స ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే 14446కి ఫోన్ చేయొచ్చు.

ఇదంతా మా వాడికి చెప్పాను. కాసేపు ఊరుకుని, "బాబాయ్, మా ఫ్రెండు ఒకడున్నాడు, వాడు అమ్మడు, తాగుతాడు అంతే. వాళ్ల నాన్నకి తెలియకుండా అవుతుందా?" అన్నాడు. 14446కి చేసి కనుక్కుందాం, ఎల్లుండి ఆదివారం వాణ్ణి ఇంటికి తీసుకురా అన్నాను.