మూడున్నరేళ్లు, మూడున్నర నెలలు: ఫోనిక్స్ తగాదా వెనక కథ

జూన్ వచ్చిందంటే ఇంగ్లండ్‌లో ఐదారేళ్ల పిల్లలు ఒక్కొక్కరే టీచరు పక్కన కూర్చుని 40 మాటలు పైకి చదువుతారు. 20 అసలు మాటలు, 20 ఉత్తుత్తివి. ఉత్తుత్తి మాట పక్కన ఏలియన్ బొమ్మ ఉంటుంది, ఆ మాట దాని పేరన్నమాట. ఇప్పటిదాకా 32 సరిగ్గా పలికితే గట్టెక్కినట్టు. లేకపోతే మరుసటేడు మళ్లీ కూర్చోవాలి. అక్షరాల ధ్వనులు కలిపి మాట చదివించే పద్ధతిని ఫోనిక్స్ అంటారు. ఈ పరీక్షతో పాటే ఫోనిక్స్ తగాదా కూడా ఏటా రాజుకుంటుంది.

మాటను మొత్తంగా చూపించి గుర్తుపట్టించాలా, ధ్వనులు విడదీసి కలిపించాలా అన్న వాదం చాలా పాతది. అమెరికాలోనూ దీని మీద గొడవలు జరిగాయి. అవన్నీ వదిలేసి నేరుగా స్కాట్లండ్‌లోని క్లాక్‌మనన్‌షైర్ అనే చిన్న కౌంటీకి వెళ్దాం. ఇవాళ్టి పేచీ అంతా అక్కడే పుట్టింది.

1997లో రోనా జాన్‌స్టన్, జాయిస్ వాట్సన్ అనే పరిశోధకులు అక్కడ బళ్లో కొత్తగా చేరిన సుమారు 300 మంది పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు మొదటి నుంచీ ధ్వనులు కలిపి మాట కట్టడమే నేర్పారు. రోజుకు 20 నిమిషాలు, 16 వారాలు. ఆ పిల్లలు మాటలు చదవడంలో తమ వయసుకన్నా ఏడు నెలలు ముందుకెళ్లారు. అదీ కాస్త పేద ఇళ్ల పిల్లలు ఎక్కువున్న గుంపు. ఇంత బాగా పనిచేసేదాన్ని మిగతావాళ్లకు ఎందుకు ఆపాలని, ఆ ఏడాది ముగిసేలోపే అందరికీ అదే నేర్పేశారు. పిల్లలకు మేలే జరిగింది. పరిశోధనకు మాత్రం పోల్చి చూసుకోవడానికి వేరే గుంపంటూ మిగల్లేదు.

ఆ పిల్లల్ని ఏడేళ్లు గమనించాక, 2005లో ఫలితాలు బయటికొచ్చాయి. మాటలు చదవడంలో పిల్లలు తమ వయసుకన్నా మూడున్నరేళ్లు ముందున్నారు. స్పెల్లింగులో ఏడాది ఎనిమిది నెలలు. చదివింది అర్థం చేసుకోవడంలో మూడున్నర నెలలు. ఈ లెక్కలు కూడా ప్రామాణిక పరీక్షల్లోని వయసు సగటుతో పోల్చి తీసినవే.

లండన్‌లో మొదటి అంకె మోగిపోయింది. మూడో అంకెను పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ ఏప్రిల్‌లోనే పార్లమెంటు విద్యా కమిటీ ఫోనిక్స్ సంగతి తేల్చమంది. జూన్‌లో ప్రభుత్వం బడుల తనిఖీ విభాగం మాజీ అధికారి జిమ్ రోజ్‌కు సమీక్ష అప్పగించింది, 2006 మార్చిలో ఆయన నివేదిక వచ్చింది. నిజానికి రోజ్ చెప్పింది రెండు కాళ్ల మీద నిలబడే మాట: ధ్వనులు కలపడం ఒక కాలు, అర్థం చేసుకోవడం రెండోది, ఏది లేకపోయినా చదువు లేదు. 2010లో బడుల మంత్రి అయిన నిక్ గిబ్ హయాంలో 2012లో పరీక్ష వచ్చింది. అది కొలిచేది మొదటి కాలినే.

ఆ ఏడాది 58 శాతం మంది గట్టెక్కారు, 2019కి 82 శాతం. సమర్థకులు చూపించేది ఈ పెరుగుదలనూ, అంతర్జాతీయ పఠన సర్వే పిర్ల్స్ 2021లో ఇంగ్లండ్‌కు దక్కిన నాలుగో స్థానాన్నీ. ర్యాంకు పెరిగిన మాట నిజమే. స్కోరు మాత్రం 2016లో 559, 2021లో 558.

టీచర్ల వైపు ఫిర్యాదులు ఇంకా సూటిగా ఉంటాయి. మొదటి పరీక్షలోనే ‘స్ట్రామ్’ అనే ఉత్తుత్తి మాటను బాగా చదివే పిల్లలు ‘స్టార్మ్’ అని చదివి మార్కు పోగొట్టుకున్నారు. తప్పేముంది, అర్థం వెతికారు. మొదటి రెండేళ్లూ గట్టెక్కే మార్కు 32 అని ముందే తెలుసు. మార్కుల పట్టికలో 31 దగ్గర గొయ్యి, 32 దగ్గర గుట్ట. 2014లో ఆ అంకెను ముందుగా చెప్పడం మానేశాక గుట్ట కొంత తగ్గింది. పరీక్ష పెట్టేదీ మార్కు వేసేదీ ఆ బడి టీచరే మరి! అధ్యయనం జరిగిన స్కాట్లండ్‌లో మాత్రం ఈ పరీక్షే లేదు, చదువుల పెత్తనం వాళ్లది వాళ్లకే.

హైదరాబాద్ ప్లేస్కూళ్లకు ఈ తగాదా రాలేదు, పద్ధతి మాత్రం వచ్చింది. ఏబీసీడీ వరుస పోయి ఎస్, ఏ, టి, ఐ, పి, ఎన్ వరుస దిగింది. అక్షరానికి దాని ధ్వనే పేరుగా ఉండటం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. ‘బ’ అనకుండా ‘బ్’ దగ్గరే ఆగమని ఇంగ్లండ్ టీచర్లకు తెగ శిక్షణ ఇస్తారు. మన పొల్లు చేసే పని అదే.

మా ఇంట్లో ఐదేళ్ల పిల్ల మొన్న పుస్తకం ముందేసుకుని ‘థ్, ఆర్, న్... థార్న్’ అని కూడబలుక్కుని చదివింది. వాళ్లమ్మ చప్పట్లు కొట్టింది. థార్న్ అంటే ఏంటే అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘ఏలియన్ పేరు’ అంది.