దుబాయ్ విమానం ఎన్ని గంటలు? రాత్రి 12 దాటిన టికెట్‌తో జాగ్రత్త (అపోహలు - వాస్తవాలు)

జగిత్యాలలో విమాన టికెట్లు చేసే పని నాది. "అన్నా, పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు అయిదు గంటలా? దూరం మారుతదా?" అని ఎవరో ఒకరు అడగని వారం లేదు.

దూరం మారదు. శంషాబాద్ నుంచి దుబాయ్ ఎయిర్‌పోర్టుకు నేరుగా దాదాపు 2,550 కిలోమీటర్లు. టికెట్ మీద ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. ఇక్కడ రాత్రి 10కి బయల్దేరితే అక్కడి గడియారంలో 12:30కి దిగుతారు. ప్రయాణం మాత్రం నాలుగు గంటలు. నిజానికి తొందరగా అయ్యేది తిరుగు ప్రయాణమే. ముఖ్యంగా చలికాలంలో పైన గాలి పడమటి నుంచి బలంగా వీస్తూ విమానాన్ని వెనక నుంచి తోస్తుంది. మూడున్నర గంటల్లో వచ్చేస్తారు.

ఈ లెక్క తప్పినా నష్టం లేదు. కొంప ముంచేది ఇంకొకటి ఉంది.

అపోహ: టికెట్ మీద 15వ తేదీ 00:35 (రాత్రి 12 దాటాక 35 నిమిషాలు) అని ఉంటే 15 రాత్రి తిని బయల్దేరొచ్చు.

వాస్తవం: 14 రాత్రి 9:30కే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 15 రాత్రి వెళ్తే ఆ విమానం పోయి దాదాపు రోజవుతుంది.

ఇందులో చదువు రాకపోవడం ఏమీ లేదు. మనకు తెల్లవారితేనే మరో రోజు. పంచాంగంలో వారం మారేది కూడా సూర్యోదయంతోనే. విమానానికి మాత్రం 12 కొట్టగానే తేదీ మారిపోతుంది. మెట్‌పల్లి వైపు అబ్బాయి ఒకడు సెలవు ముగించుకుని, అమ్మను, చెల్లెను కారులో ఎక్కించుకుని అయిదు గంటలు ప్రయాణం చేసి శంషాబాద్ చేరాడు. గేటు దగ్గరే ఆపేశారు. "నిన్ననే పోయిందట అన్నా" అని ఫోన్‌లో ఏడ్చాడు. టికెట్ డబ్బులు దాదాపు అన్నీ పోయాయి, డ్యూటీలో చేరాల్సిన రోజూ దాటింది. ఆ టికెట్ చేసింది నేనే. అప్పటినుంచి ప్రతి టికెట్ మీద "ఫలానా తేదీ రాత్రి ఇన్ని గంటలకు ఎయిర్‌పోర్టులో" అని పెన్నుతో రాసి, చదివించుకున్నాకే చేతికిస్తున్నాను.

మిగతావి చిన్నవి. బోర్డింగ్ పాస్ ఇచ్చే కౌంటర్ విమానానికి కనీసం గంట ముందే మూసేస్తారు. డైరెక్ట్ అన్నంత మాత్రాన మధ్యలో ఆగదని కాదు, అడిగి తెలుసుకోండి. "విమానం లేటట" అని వాట్సాప్‌లో వచ్చిన మాట నమ్మి ఇంట్లో కూర్చోకండి.

ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లకు ఒక మాట. దుబాయ్‌లో 14 రాత్రి 10కి ఎక్కితే ఇక్కడ దిగేది 15 తెల్లవారుజామున 3కి. ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి ఇంకో గంట. అక్కడి సిమ్ ఇక్కడ పనిచేయకపోవచ్చు. ఫోన్ కలవలేదని టెన్షన్ పడకండి. 3:10కే నాకు ఫోన్ చేసే తల్లులున్నారు. చేయండి, ఎత్తుతాను.